టాంపాలో మాకిదే మొదటి హరికేన్, ఇంట్లో పెద్దవాళ్లున్నారు. ఉండాలా, వెళ్లిపోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టాంపా వచ్చి ఎనిమిది నెలలైంది. సెకండ్ ఫ్లోర్ అపార్ట్‌మెంట్. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు మీతోనే ఉన్నారు. పశ్చిమ కరీబియన్‌లో తుఫాను బలపడుతోంది, నాలుగైదు రోజుల్లో ఫ్లోరిడా వైపు రావచ్చంటున్నారు. టీవీలో చూపిస్తున్న కోన్ (తుఫాను ఎటు వెళ్లొచ్చో చూపే బొమ్మ) మధ్య గీత మనకి వంద మైళ్లు పడమరగా పోతోంది. వాట్సాప్ గ్రూపులో ఒకరు "వెంటనే అట్లాంటా బయల్దేరండి" అంటే, ఇంకొకరు "1921 తర్వాత టాంపాకి పెద్దది ఏదీ సూటిగా తగల్లేదు, నిశ్చింతగా పడుకోండి" అన్నారు. మామయ్యగారేమో "విశాఖలో హుద్‌హుద్ చూసినవాళ్లం, ఇదెంత" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆ ముగ్గురి మాటా పక్కన పెట్టండి. ముందు మీ ఇంటి అడ్రస్‌కి ఎవాక్యుయేషన్ జోన్ (ఖాళీ చేయించే ప్రాంతం) ఏదో చూడండి. మీ కౌంటీ (ఇక్కడి జిల్లా) వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఎ, బి, సి, డి, ఇ అని ఒక అక్షరం వస్తుంది, లేదా ఏ జోన్‌లోనూ లేదని వస్తుంది. కౌంటీవాళ్లు మీ అక్షరాన్ని పిలిస్తే, పిలిచిన రోజే వెళ్లిపోండి. సెకండ్ ఫ్లోర్ అని ఆగొద్దు. మీ ఇల్లు ఏ జోన్‌లోనూ లేకపోతే, బిల్డింగ్ గట్టిదైతే, ఇంట్లోనే ఉండండి. వారం రోజులు కరెంటు లేకుండా బతకడానికి కావలసినవి సమకూర్చుకోండి. అట్లాంటా దాకా పోనక్కర్లేదు. కోన్ మధ్య గీత ఇవాళ ఎక్కడుందన్నది ఈ నిర్ణయంలోకి రానే రాదు.

మేం 2009 నుంచి ఇక్కడే ఉంటున్నాం. 2017లో ఇర్మా హరికేన్ వచ్చినప్పటి నుంచి, షెల్టర్‌గా మార్చిన ఒక స్కూల్లో వాలంటీర్‌గా పనిచేస్తున్నాను. ఇయాన్, ఇడాలియా, హెలీన్, మిల్టన్ అన్నీ ఇక్కడే చూశాను. నేను వాతావరణ శాస్త్రవేత్తని కాదు. కానీ ఆలస్యంగా బయల్దేరినవాళ్లు ఏ ముఖంతో షెల్టర్ తలుపు దగ్గరికి వస్తారో చాలాసార్లు చూశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

జోన్ అక్షరం గాలి గురించి కాదు, నీళ్ల గురించి

ఇక్కడివాళ్లకి ఒక నానుడి ఉంది: నీళ్లొస్తుంటే పారిపో, గాలొస్తుంటే దాక్కో. జోన్లు గీసింది ఉప్పెన లెక్కతో. ఇంగ్లిష్‌లో స్టార్మ్ సర్జ్ అంటారే, అదే మన ఉప్పెన. తుఫాను గాలి సముద్రాన్ని నేల మీదకి నెట్టడం.

ఆ మాట విలువ నాకు ఇర్మా అప్పుడు తెలిసింది. మాది దివిసీమ, అవనిగడ్డ దగ్గర పల్లె. ఆ ఏడాది అమ్మ మా దగ్గరే ఉంది. రెండు రోజుల పాటు స్టార్మ్ సర్జ్, కేటగిరీ, ఎవాక్యుయేషన్ అని ఏవేవో చెప్పాను. "సరేలేమ్మా, తలుపులేసుకుని కూర్చుందాం" అంది. మూడో రోజు ఫోన్లో ఎవరితోనో "ఉప్పెన వస్తుందేమో అంటున్నారు" అన్నాను. అమ్మ చేతిలో కందిపప్పు డబ్బా ఉంది. దాన్ని అక్కడే పెట్టేసి లోపలికెళ్లి సూట్‌కేసు తీసి మంచం మీద పెట్టింది. 1977 నవంబర్ 19న ఆమె ఆ నీళ్లలో ఉంది. పొద్దంతా గాలికి భయపడి తలుపులు బిగించుకున్నారట, చివరికి ప్రాణాలు తీసింది తలుపు కింద నుంచి వచ్చిన నీళ్లు. ఆ ఒక్క తుఫానులో దాదాపు పది వేల మంది పోయారు.

కాబట్టి మామయ్యగారితో వాదించొద్దు. ఆయన అనుభవం నిజమైనదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగానే వెళ్లింది. కానీ ఆయన చూసింది ముఖ్యంగా గాలి. విశాఖ కొండల పక్కన, చాలా వరకు ఎత్తు మీద ఉన్న ఊరు, ఇళ్లు సిమెంటు స్లాబువి. టాంపా బే (ఊరిని ఆనుకున్న అఖాతం) చుట్టూ మైళ్ల కొద్దీ నేల బల్లపరుపుగా, సముద్రానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉంటుంది. ఇక్కడి పైకప్పులు చెక్క ఫ్రేముల మీద వేసిన షింగిల్స్. ఇంకో సంగతి, అంకెలు పోల్చేటప్పుడు జాగ్రత్త. మన వాతావరణ శాఖ గాలి వేగాన్ని మూడు నిమిషాల సగటుతో, కిలోమీటర్లలో చెబుతుంది. ఇక్కడ ఒక నిమిషం సగటు, అదీ మైళ్లలో. 120 అని వింటే తక్కువగా అనిపిస్తుంది, అది గంటకి 193 కిలోమీటర్లు. ఇంత చెప్పేకన్నా "మామయ్యగారూ, ఇది ఉప్పెన వచ్చే చోటు" అనండి. కోస్తా మనిషికి ఆ ఒక్క మాట చాలు.

కోన్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఇచ్చే ఆ తెల్లటి కోన్, తుఫాను కేంద్రం ఎక్కడెక్కడికి వెళ్లొచ్చో మాత్రమే చూపిస్తుంది. గత ఐదేళ్ల అంచనాల్లో వచ్చిన తప్పుల్ని బట్టి, మూడింట రెండు వంతులు లోపల పడేలా దాన్ని గీస్తారు. అంటే మూడింట ఒక వంతు సందర్భాల్లో కేంద్రం కోన్ బయటికే పోవచ్చు. మూడు రోజుల ముందు చెప్పిన చోటుకీ నిజంగా వెళ్లిన చోటుకీ 80, 90 మైళ్ల తేడా రావడం మామూలే. తుఫాను ఎంత పెద్దదో, నీళ్లు ఎంత దూరం వస్తాయో, వాన ఎక్కడ పడుతుందో కోన్ చెప్పదు. మధ్య గీత మనకి వంద మైళ్ల దూరంలో ఉందంటే మనకి వంద మైళ్ల భద్రత ఉన్నట్టు కాదు.

దీన్ని రెండు వైపుల నుంచీ చూశాం. 2022లో ఇయాన్ మూడు రోజుల ముందు టాంపా మీదకి, లేదా ఇంకా ఉత్తరానికి వచ్చేలా కనిపించింది. మేమంతా మూటలు సర్దుకున్నాం. కోన్ దక్షిణపు అంచున ఉన్న ఫోర్ట్ మయర్స్ వైపు చాలామంది "అది టాంపాది" అనుకున్నారు. సెప్టెంబర్ 28న అది కుడికి తిరిగి కాయో కోస్టా దగ్గర 150 మైళ్ల గాలితో తీరం దాటింది. ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో నేల మీద 10 నుంచి 15 అడుగుల నీళ్లు నిలిచాయి. అక్కడ ఎవాక్యుయేషన్ ఆర్డర్ ముందు రోజు ఉదయమే వచ్చింది. అప్పటిదాకా గీత చూసుకుంటూ కూర్చున్నవాళ్లకి ఒక్క రోజు మిగిలింది.

హెలీన్ దీనికి పూర్తిగా తిరగేసిన కథ. 2024 సెప్టెంబర్ 26న అది కేటగిరీ 4గా (గాలి బలానికి 1 నుంచి 5 దాకా ఉండే లెక్కలో) తీరం దాటింది ఎక్కడో ఉత్తరాన, పెర్రీ ఊరి దగ్గర. కేంద్రం టాంపాకి వంద మైళ్లకి పైగా దూరంలో, సముద్రంలోనే వెళ్లిపోయింది. మీ ప్రశ్నలో ఉన్న వంద మైళ్ల గీత చూడగానే నాకు గుర్తొచ్చింది అదే. ఆ రాత్రి టాంపా బేలో దాదాపు వందేళ్లలో ఎప్పుడూ రానంత నీళ్లొచ్చాయి. బే పక్కనే ఉన్న పినెల్లస్ కౌంటీలోనే పదిమందికి పైగా చనిపోయారు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం ఉంది. ఒక్క అంతస్తు ఇల్లు, జోన్ ఎ. సాయంత్రం ఫోన్ చేస్తే "కేంద్రం చాలా దూరం కదక్కా, గాలి కూడా పెద్దగా లేదు" అన్నారు. నిజమే, గాలి అంతగా లేదు. రాత్రి పది దాటాక ముందు బాత్రూమ్ డ్రెయిన్ లోంచి నీళ్లు ఉబికాయి. తర్వాత గోడ అడుగు నుంచి, తలుపు సందుల్లోంచి. పిల్లల్ని కిచెన్ కౌంటర్ మీద కూర్చోబెట్టారు. కాసేపటికి ఫ్రిజ్ లేచి తేలి అడ్డంగా పడి తలుపు మూసుకుపోయింది. కిటికీలోంచి బయటపడి ఎదురింటి మేడ మీదకి చేరారు. ఎవరికీ ఏమీ కాలేదు, అది దేవుడి దయ. రెండు రోజుల తర్వాత శుభ్రం చేయడానికి మేం వెళ్లాం. గోడల షీట్‌రాక్ పలకల్ని నాలుగడుగుల ఎత్తు దాకా కోసి తీసేశాం. ఉప్పునీళ్లు, మురుగు కలిసిన ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. దేవుడి గూడు అటక ఎత్తున ఉండటంతో పటాలు మాత్రం తడవలేదు. ఆవిడ ఆ పటాలు పట్టుకుని కార్లో కూర్చుని చాలాసేపు బయటికి రాలేదు.

సరిగ్గా 13 రోజులకి మిల్టన్. అక్టోబర్ 9 రాత్రి సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. రెండు రోజుల ముందు దాని గాలి 180 మైళ్లకి చేరి కేటగిరీ 5 అయింది. తీరానికొచ్చేసరికి తగ్గి కేటగిరీ 3. "తగ్గిందిగా" అని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు, కానీ గాలి తగ్గుతూనే అది విస్తీర్ణంలో పెరిగింది. టాంపా బేలో 10 నుంచి 15 అడుగుల ఉప్పెన రావచ్చని హెచ్చరించారు, చివరికి బేలో నీళ్లు రావడం అటుంచి వెనక్కి పోయాయి. దానికి కారణం తెలుసుకుంటే అంచనాల మీద కోపం రాదు. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో తిరుగుతుంది. కేంద్రం బే ముఖద్వారానికి ఉత్తరంగా దాటితే గాలి సముద్రాన్ని బే లోపలికి తోస్తుంది. దక్షిణంగా దాటితే బయటికి లాగుతుంది. మిల్టన్ కొన్ని మైళ్లు దక్షిణంగా దాటింది. ఆ కొన్ని మైళ్లు ఎటన్నది ముందు రోజు కూడా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అందుకే ఆర్డర్ వచ్చాక నీళ్లు రాకపోతే అది వృథా ప్రయాణం అనుకోవద్దు. ఈసారి గీత పడమరగా వెళ్తోందన్నారు కదా, అంటే మనం కుడి పక్కన ఉన్నట్టు. నీళ్లు లోపలికి తోసే పక్క అదే.

ఇర్మా అప్పుడు కూడా బే ఇలాగే ఎండిపోయింది. టీవీలో జనం బురదలో నడుస్తుంటే అమ్మ అరిచినంత పనిచేసింది, "వెనక్కి పోయిన నీళ్లు తిరిగొస్తాయి, ఎవరూ దిగొద్దని చెప్పండి" అని. ఎవరైనా ఫొటోలు తీసుకుందాం రమ్మన్నా మీరు దిగకండి.

నేను రోజూ చూసేవి

హరికేన్ సెంటర్ పూర్తి అడ్వైజరీ (తుఫాను బులెటిన్) రోజుకి నాలుగుసార్లు వస్తుంది: ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11. తీరానికి వాచ్ గానీ వార్నింగ్ గానీ పెట్టాక మధ్యలో 2, 8 గంటలకి కూడా ఇస్తారు. ఆ వేళలకి చూసి ఫోన్ పక్కన పెట్టేయండి. మధ్యలో ప్రతి పది నిమిషాలకి చూస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు, టెన్షన్ తప్ప. అడ్వైజరీలో బొమ్మ కన్నా ముందు 'కీ మెసేజెస్' అని ఉండే నాలుగు వాక్యాలు చదవండి. ఇంకా లోతుగా కావాలంటే 'డిస్కషన్' అనే పేజీ ఉంటుంది. అంచనా వేసిన మనిషే, ఏ విషయంలో నమ్మకముంది, ఎక్కడ అనుమానముంది అని రాస్తారు. దీన్ని మించింది నాకు ఏ టీవీలోనూ దొరకలేదు.

ఆ తర్వాత రెండు మ్యాపులు. ఒకటి ఉప్పెన అంచనా, నేల మీద ఎన్ని అడుగుల నీళ్లు రావచ్చో చెబుతుంది. ఆరు అడుగులు అని ఉంటే మీరు నిలబడ్డ చోట ఆరు అడుగులు అని అర్థం. రెండోది 39 మైళ్ల గాలి ఎప్పుడు మొదలవుతుందో చెప్పే మ్యాపు. అందులో 'మోస్ట్ లైక్లీ' కాకుండా 'ఎర్లియెస్ట్ రీజనబుల్' అనేది తెరవండి. మీ గడువు ఆ గంట, తుఫాను తీరం దాటే గంట కాదు. ఆ గాలికి అటూ ఇటూగా వంతెనలు మూసేస్తారు, బే మీదున్న పెద్ద వంతెన స్కైవే మీదకి ఎవరినీ పోనివ్వరు, అంబులెన్సులు కూడా ఆగిపోతాయి. మిల్టన్ రాత్రి ఎనిమిదిన్నరకి తీరం దాటింది కదా అని సాయంత్రం నాలుగింటికి బయల్దేరాలనుకున్నవాళ్లు దారిలో ఇరుక్కున్నారు.

వాచ్, వార్నింగ్ తేడా కూడా తెలుసుకోండి. ఆ గాలి మొదలవడానికి సుమారు 48 గంటల ముందు వాచ్ (రావచ్చు అని), 36 గంటల ముందు వార్నింగ్ (వస్తుంది అని). ఉప్పెనకి వేరే వాచ్, వేరే వార్నింగ్ ఉంటాయి. మన ఊరికి హరికేన్ వార్నింగ్ లేకపోయినా ఉప్పెన వార్నింగ్ ఉండొచ్చు, హెలీన్ అప్పుడు ఎక్కువమందికి తలకెక్కనిది ఇదే. మన ప్రాంతం వివరాలకి రస్కిన్‌లో ఉన్న నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు పేజీ, ఆర్డర్లకి కౌంటీ పేజీ. అంతే.

రకరకాల కంప్యూటర్ మోడళ్ల అంచనాలన్నీ ఒకే బొమ్మలో చూపే రంగురంగుల స్పగెట్టి గీతల జోలికి వెళ్లకండి. వాటిలో మంచి మోడలూ ఉంటుంది, పనికిరానిదీ ఉంటుంది, మనకి తేడా తెలియదు. వాట్సాప్‌లో వచ్చే స్క్రీన్‌షాట్ మీద తేదీ, గంట చూడకుండా ఎవరికీ పంపొద్దు. మిల్టన్ అప్పుడు నిన్నటి మ్యాపు చూసి భయపడి ఫోన్ చేసినవాళ్లు నాకే నలుగురున్నారు. అలాగే అంచనా కొంచెం మారిందని నిర్ణయం మార్చొద్దు. విమానాలు తుఫాను లోపలికి వెళ్లి కొలతలు తీసుకొచ్చే కొద్దీ అంచనా సవరిస్తుంటారు, అది మంచిదే. అయితే మిల్టన్ ఒక్క రోజులో 90 మైళ్ల గాలి పెంచుకుంది. "కేటగిరీ 1 ఏగా" అని పడుకుంటే లేచేసరికి లెక్క మారిపోతుంది.

వెళ్లాల్సి వస్తే

దూరం అక్కర్లేదు. జోన్ దాటి లోపలికి ఇరవై, ముప్పై మైళ్లు చాలు. వెస్లీ చాపెల్ వైపో, బ్రాండన్ అవతలో జోన్ లేని ఇంట్లో తెలిసినవాళ్లుంటే ఇవాళే అడిగి పెట్టుకోండి. మొహమాటపడకండి, ఇలాంటప్పుడు కాదనే తెలుగువాళ్లు నాకు తగల్లేదు. 2005లో రీటా వస్తోందని హ్యూస్టన్ నుంచి లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కారు. టెక్సస్‌లో ఆ తుఫాను గాలీ నీళ్ల కన్నా ఆ ప్రయాణంలో, ఎండలో, ట్రాఫిక్‌లో పోయినవాళ్లే ఎక్కువ. డెబ్భై దాటిన ఇద్దరితో ఐ-75 హైవే మీద పద్నాలుగు గంటలు కూర్చోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. మిల్టన్ అప్పుడు దారిలో చాలా గ్యాస్ స్టేషన్లు (పెట్రోల్ బంకులు) ఖాళీ.

వెళ్లే చోటుకి అంచనా ఏమిటో కూడా చూడాలి. ఇయాన్‌కి మా తమ్ముడు కుటుంబంతో టాంపా నుంచి ఓర్లాండో వెళ్లాడు. టాంపా దాదాపు తప్పించుకుంది, ఓర్లాండోలో కుండపోత వానకి వాళ్ల హోటల్ పార్కింగ్ చెరువైంది. అయినా వాడు వెళ్లడం తప్పు కాదంటాను. ఆ రోజుకి తెలిసినదాన్ని బట్టి సరైన పనే. ఊరు ఎంచుకోవడంలోనే పొరపాటు.

ఎవరిళ్లూ కుదరకపోతే షెల్టర్ ఉంది, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ అది స్కూలు జిమ్ నేల. మంచాలుండవు. మనిషికి దుప్పటి పరుచుకునేంత చోటు దొరుకుతుంది. పెద్దవాళ్లకి మడత కుర్చీలు, మెత్త, దుప్పట్లు, శాలువాలు మీరే తెచ్చుకోవాలి, ఏసీ చలి గట్టిగా ఉంటుంది. భోజనం పెడతారు గానీ శాకాహారానికి హామీ లేదు. పులిహోర మొదటి రోజుకి, తర్వాత అటుకులు, మరమరాలు, వేరుసెనగలు, అరటిపళ్లు, బ్రెడ్. ఒక షెల్టర్‌లో ఒక పెద్దాయన భాష రాక బాత్రూమ్ ఎక్కడని అడగలేక రాత్రంతా నీళ్లు తాగకుండా కూర్చున్నారు. తెల్లవారాక నాకు తెలిసింది. అత్తయ్యగారికీ మామయ్యగారికీ వెళ్లగానే అన్నీ చూపించండి. ఆక్సిజన్, డయాలసిస్ లాంటి అవసరాలుంటే స్పెషల్ నీడ్స్ షెల్టర్‌కి ముందే పేరు రాయించాలి.

ఉండిపోయేటట్టయితే

అక్షరం రాకపోయినా ఒక్కసారి బిల్డింగ్ వయసు కనుక్కోండి. 2002 తర్వాత, కొత్త ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ కింద కట్టినవి గాలికి బాగా నిలుస్తున్నాయి. మొబైల్ హోమ్ అయితే ఏ జోన్‌లో ఉన్నా వెళ్లాల్సిందే. గాలి వేళకి కిటికీల్లేని లోపలి గదో, బాత్రూమో, వాక్-ఇన్ క్లోజెట్టో ముందే అనుకుని అందరికీ బూట్లు, టార్చ్ అక్కడ పెట్టండి. ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్టులు ఆపి ఉంటే ఆన్ చేయండి. మిల్టన్ రోజున తుఫాను ఇంకా సముద్రంలో ఉండగానే ఫ్లోరిడాలో వందకి పైగా టోర్నడో వార్నింగులొచ్చాయి, తూర్పు తీరంలో ప్రాణాలూ పోయాయి. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగితే అది కన్ను కావచ్చు, బయటికి రావొద్దు. రెండో సగం ఎదురు దిక్కు నుంచి వస్తుంది.

నీళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ లెక్క. కేసులు దొరకలేదని దుకాణాల చుట్టూ తిరగొద్దు, ఇంట్లో ఉన్న స్టీలు గిన్నెలు, బిందెలు, కుక్కర్లు అన్నీ కుళాయి నీళ్లతో నింపండి, మనవాళ్ల ఇళ్లలో పాత్రలకి కొదవా? బాత్ టబ్ నింపితే టాయిలెట్‌కి పనికొస్తాయి. జిప్‌లాక్ సంచుల్లో నీళ్లు పోసి ఫ్రీజర్ నిండా పెట్టండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ తెరవకపోతే దాదాపు రెండు రోజులు చల్లగా ఉంటుంది, కింది ఫ్రిజ్ మాత్రం నాలుగు గంటలే. ఇన్సులిన్ ఉంటే దానికో చిన్న ఐస్ పెట్టె వేరుగా ఉంచండి. మీ స్టవ్ కరెంటుదే అయ్యుంటుంది, కాబట్టి వండకుండా తినేవి ఉండాలి. క్యాంపు స్టవ్ ఇంట్లో వెలిగించొద్దు. అత్తయ్యగారికి దీపం పెట్టే అలవాటుంటే ఆ రెండు రోజులూ బ్యాటరీ దీపం పెట్టమని బతిమాలండి, గాలి ఉండగా నిప్పంటుకుంటే ఫైరింజన్ రాదు.

జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయటే. గ్యారేజీ తలుపు తీసి పెట్టినా సరే లోపల వద్దు, బాల్కనీలోనూ వద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తుఫాను దాటినవాళ్లు ఆ తర్వాతి రాత్రి నిద్రలో పోవడం ప్రతిసారీ వింటున్నాం.

ఎలక్ట్రిక్ కారుంటే ముందే ఎత్తున్న చోటికి, వీలైతే పార్కింగ్ గ్యారేజీ పై అంతస్తుకి మార్చండి. ఉప్పునీళ్లలో మునిగిన బ్యాటరీలు తర్వాత అంటుకుంటున్నాయి. హెలీన్ తర్వాత ఇక్కడే జరిగింది.

మన పరిస్థితికి ప్రత్యేకమైనవి

అత్తయ్యగారి, మామయ్యగారి మందులు ఇండియా నుంచి తెచ్చుకున్నవైతే ఇక్కడి ఫార్మసీ రీఫిల్ ఇవ్వదు. ఇక్కడి ప్రిస్క్రిప్షన్ ఉన్నవాళ్లకి ఎమర్జెన్సీ ప్రకటించినప్పుడు ముందుగానే 30 రోజుల మందులు తీసుకునే వీలుంది, వాళ్లకి అది వర్తించదు. బీపీ, షుగర్ మాత్రలు ఎన్ని రోజులకి ఉన్నాయో ఇవాళే లెక్కపెట్టండి, తగ్గితే అర్జెంట్ కేర్‌లో రాయించుకోండి. మందుల పేర్లు కాగితం మీద రాసి వాళ్ల జేబులో పెట్టండి. పాస్‌పోర్టులు, ఐ-94, ఐ-797 లాంటి ఇమిగ్రేషన్ కాగితాలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఒక జిప్‌లాక్‌లో. వాటి ఫొటోలు తీసి ఇండియాలో ఒకరికి పంపండి. కొంత నగదు ఉంచుకోండి, కరెంటు లేకపోతే కార్డులు పనిచేయవు.

ఇన్సూరెన్స్ సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మామూలు రెంటర్స్ పాలసీ, ఇంటి పాలసీ వరద నీళ్లకి ఇవ్వవు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ ఇవాళ తీసుకుంటే సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. తుఫాను దగ్గరయ్యాక కంపెనీలు కొత్త పాలసీలూ మార్పులూ ఆపేస్తాయి. కాబట్టి ఈసారికి చేయగలిగింది, ప్రతి గది, ప్రతి అల్మారా తెరిచి వీడియో తీయడం. కారుకి కాంప్రిహెన్సివ్ ఉంటే మునిగినా వస్తుంది, ఉందో లేదో చూసుకోండి. విపత్తుల్లో ఆదుకునే ప్రభుత్వ సంస్థ ఫీమా ఇచ్చే నగదు సాయం హెచ్1బి మీద ఉన్నవాళ్లకి సొంతంగా రాదు, కానీ అమెరికాలో పుట్టిన పిల్లలుంటే వాళ్ల పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదీ కుదరదనుకుని వదిలేసినవాళ్లని చూశాను.

తర్వాత రోజు రోడ్డు మీద నిలిచిన నీళ్లలో పిల్లల్ని దిగనివ్వకండి. తెగిన తీగలుంటాయి, మురుగు ఉంటుంది. చిన్న గాయం ఉన్నా విబ్రియో అనే క్రిమి సోకి ప్రాణం మీదకొస్తుంది, షుగర్ ఉన్న పెద్దవాళ్లకి మరీ ప్రమాదం.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మీకింకా నాలుగు రోజులున్నాయి, అది తక్కువ సమయమేమీ కాదు. ఈ రాత్రికి మూడే మూడు పనులు: అడ్రస్ కొట్టి అక్షరం చూడటం, మాత్రలు లెక్కపెట్టడం, కార్లో గ్యాస్ నింపడం. రేపు ఉదయం 11 గంటల అడ్వైజరీ వచ్చాక మళ్లీ ఇక్కడ చూస్తాను. మీ జోన్ అక్షరం, దగ్గర్లోని మెయిన్ రోడ్డు పేరు చెప్పండి చాలు, పూర్తి అడ్రస్ రాయొద్దు. ఎటు వెళ్తే వంతెన దాటక్కర్లేదో చెబుతాను.